తొలి దోసిలి

మా అన్న కొడుకు ఇంట్లో మంచినీళ్ళు దొంగతనంగా తాగుతారు. నవ్వులాటకి అనడం లేదు. ఢిల్లేశ్వరరావు వసారాలో మంచం మీద మెలకువగా ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ గ్లాసు ఎత్తరు. దాహమేస్తే పెరట్లోకి పోయి, నీళ్ళ కుండీ చాటున నిలబడి, గుటక చప్పుడైనా వినపడకుండా తాగి, మూతి శుభ్రంగా తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికొస్తారు. ఇది ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు. వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకునే మనిషి వాడు. ఒంట్లోకి పోయిన నీరు బయటికొచ్చే దారి లేదు కనక, రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు నీళ్ళే అని డాక్టర్లు కట్టడి చేశారు. అందులోనే మాత్రలు మింగాలి, అందులోనే నాలుక తడుపుకోవాలి. అలాంటి మనిషి ఎదురుగా గటగటా తాగడానికి ఎవరికి మనసొప్పుతుంది? నేను టెక్కలి నుంచి ఎండన పడి వెళ్ళినప్పుడల్లా "అత్తా, ముందు మంచినీల్లు తాగు" అంటాడు వాడు. "దార్లో తాగీసొచ్చేన్రా" అంటాను. కాసేపాగి కాళ్ళు కడుక్కునే వంకతో పెరట్లోకి పోతాను. మా ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు మంచినీళ్ళు ఇవ్వకపోతే తప్పు పట్టకూడదని మేం ఎప్పుడో నేర్చుకున్నాం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. టెక్కలిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా అదే కుర్చీలో కూర్చుని రిటైరైనదాన్ని. పేరు నీలవేణి. పెళ్ళి చేసుకోలేదు, దానికి పెద్ద కథేమీ లేదు. పుట్టిల్లు సుమ్మాదేవి స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, జీడితోటలకీ కొబ్బరితోటలకీ మధ్యనున్న ఊళ్ళో. మా అన్న పోయాక ఆ ఇంట్లో ఢిల్లేసు, వాడి భార్య దమయంతి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు జోషిత ఉంటున్నారు. జోషిత ఎనిమిదో తరగతి. నన్ను మామ్మా అంటుంది. శనివారం నాడు మొగుడూ పెళ్ళాం పాసింజరు బండి ఎక్కి పలాస వెళ్తే, ఆ పిల్ల కూడా వాళ్ళ వెంట పోయి, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. చుట్టూ అందరూ పెద్దవాళ్ళు, అందరి ముఖాలూ ఒకే రంగు. ఆ వరండాలో ఆ పిల్ల అలా పెద్దదైపోతోందని ఢిల్లేసుకి దిగులు.

ఆ దిగులే వాణ్ణి లాక్రోస్ అనే ఆట దాకా తీసుకెళ్ళింది. జోషిత బళ్ళో ఆటల టీచరు చెప్పిందట, పలాసలో ఒక కాలేజీ గ్రౌండులో శనివారం సాయంత్రాలు పిల్లలకి ఆ ఆట నేర్పుతున్నారు, ఊళ్ళోవాళ్ళే తలా ఒక చెయ్యి వేసి నడుపుతున్న క్లబ్బు, కర్రలు కూడా వాళ్ళే ఇస్తారు అని. ఆ పేరు నా నోటికి తిరగడానికి చాలాకాలం పట్టింది. లక్రోసు అని, లాకరోసు అని తిప్పలు పడుతుంటే జోషిత పడీ పడీ నవ్వేది. ఆ ఆటకి ఒక కర్ర, కర్ర చివర చిన్న వలసంచీ. బంతిని చేత్తో ముట్టకూడదు. ఆ వలతోనే పట్టాలి, వలతోనే విసరాలి. మొదటిసారి చూసినప్పుడు "ఇదేటే, మామిడికాయలు కోసే చిక్కం గెడని సగానికి నరికీసినట్టున్నాది" అన్నాను. మా తోటల్లో అందరిళ్ళలోనూ గెడకి చిక్కం కట్టి చూరులో దోపి ఉంచుతారు మరి.

దమయంతి ససేమిరా అంది. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. "ఎండలో ఆడతాదత్తా. దాహమేత్తాది. అక్కడ ఏ నీల్లుంటాయో, ఏ బోరు నీల్లో. ఇంట్లో ఒకరికొచ్చింది సాలదేటి?" అంది. ఆ ఇంట్లో నీళ్ళంటే భయం, నీళ్ళంటే మర్యాద, రెండూ కలిసిపోయాయి. కేన్ నీళ్ళు కొంటారు. కొన్న నీళ్ళని మళ్ళీ కాస్తారు. కాచినవాటిని గుడ్డతో వడకడతారు. ఇంత చేసీ ఆ గ్లాసు వంక అనుమానంగా చూసి మరీ తాగుతారు. ఢిల్లేసు మాత్రం ఎప్పుడూ లేనంత మొండిగా, "నా మంచం పక్కన కూకుని ముసల్దయిపోతంది ఆ గుంట. ఆడుకోనీ. నాను కళ్ళారా సూడాలి" అన్నాడు. చివరికి దమయంతి ఒప్పుకుంది. రెండు షరతులు పెట్టింది. ఒకటి, నేను టెక్కలి నుంచి వచ్చి పిల్ల వెంట ఉండాలి. రెండోది, ఇంటి నుంచి తీసుకెళ్ళిన స్టీలు సీసాలో నీళ్ళు తప్ప బయటి నీళ్ళు నోట్లో పోసుకోకూడదు.

మొదటి శనివారం అందరం వెళ్ళాం. ఆసుపత్రి పని అయ్యాక ఢిల్లేసు ఎడమ చేతికి పట్టీతో ఆటోలో వచ్చి గ్రౌండు పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. డయాలసిస్ అయిన రోజు మనిషి పిప్పిలా ఉంటాడు. అయినా ఆ రోజు నిటారుగా కూర్చున్నాడు. కోచ్ పేరు మమత. ఇచ్ఛాపురం పిల్ల, ఇంట్లో ఒడియా, బయట తెలుగు, రెంటికీ మధ్య ఒక వింత యాస. కొత్తగా చేరినవాళ్ళని వరసగా నిలబెట్టి కర్రలు పంచింది. నేలమీద దొర్లుతున్న బంతిని వంగి వలలోకి ఎత్తుకోవడం, ఎత్తుకున్నాక పడిపోకుండా కర్రని ఇటూ అటూ ఊపుతూ పరిగెత్తడం, అదీ మొదటి పాఠం. దాన్ని క్రేడ్లింగ్ అంటారట. "బేబీని ఊపినట్టు ఊపాలమ్మా, భయపెట్టకూడదు" అంది మమత. జోషిత బంతి పది అడుగులు పోకుండానే జారిపోయేది. నాలుక కరుచుకుని మళ్ళీ వెనక్కి పరిగెత్తేది. ఆ పిల్ల పరిగెత్తడం నేను చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో పిల్లలు కూడా మెల్లగా నడుస్తారు.

మధ్యలో విజిల్ ఊదారు. పిల్లలందరూ నీళ్ళ డబ్బా చుట్టూ మూగారు. మమత ప్లాస్టిక్ జగ్గుతో నీళ్ళు ముంచి కొత్త పిల్లలకి పోస్తోంది. దోసిళ్ళు పట్టి, మెడల మీదికి కారేలా, నవ్వుకుంటూ తాగుతున్నారు. జోషిత ఒక్కర్తీ దూరంగా నిలబడి కర్ర వలని గోకుతోంది. దాని సీసా నా సంచిలోనే ఉంది. ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. బయటి నీళ్ళు వద్దన్నారు సరే, ఇంటి నీళ్ళకేమొచ్చింది అనుకున్నాను. సిగ్గు కాబోలు, నలుగురూ ఒక డబ్బాలో తాగుతుంటే తను సీసా తీయడానికి మొహమాటపడుతోంది కాబోలు అని సరిపెట్టుకున్నాను. కానీ ఆ దోసిళ్ళు చూశాక నా మనసు అక్కడ లేదు. అది మా ఊరి తోటలోకి, సావిత్రప్ప నూతి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దు నాయనమ్మ చుట్టతో మొదలయ్యేది. ఆవిడది అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. నోట్లో నిప్పుతోనే వాకిలి ఊడ్చేది, నోట్లో నిప్పుతోనే మమ్మల్ని తిట్టేది. చుట్ట కాస్త పక్కకి నెట్టి పెదవి మూల నుంచి తిట్టడంలో ఆవిడకి మంచి నేర్పు. తరవాత అమ్మా నేనూ నూతికి పోయేవాళ్ళం. జీడి కాపు రోజుల్లో ఊరంతా ఒకటే వాసన, నేల రాలి పులిసిన జీడిపళ్ళ వాసన, దానికి తోడు పెరట్లో పిక్కలు కాలుస్తుంటే లేచే ఘాటు పొగ. కళ్ళు మండేవి. పిక్కలు కొట్టీ కొట్టీ జీడి అంటుకుని మా వేళ్ళ చివరలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడొచ్చేవి. ఆ వేళ్ళతో అన్నం తినడానికి బళ్ళో సిగ్గుపడేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి వీచేది. అప్పుడు కొబ్బరితోటలో ఇసకలో ఆడపిల్లల చెడుగుడు మొదలయ్యేది.

ఊళ్ళో యువజన సంఘం కుర్రాళ్ళు మగపిల్లలకి చెడుగుడు జట్టు పెడితే, మాకూ కావాలని సావిత్రప్ప పట్టుబట్టి ఆడపిల్లలకి వేరే జట్టు పెట్టింది. మా వైపు అక్కని అప్ప అంటాం. సావిత్రప్ప వరసకి మా పెదనాన్న కూతురు. మనిషి బక్కగా ఉండేది కానీ కూత మొదలుపెట్టిందంటే ఊపిరి ఎక్కడ దాచుకునేదో తెలిసేది కాదు. నన్ను జట్టులో చేర్చుకోవడానికి తనే మా ఇంటికొచ్చి నాయనమ్మ ఎదుట నిలబడింది. "ఆడగుంటకి సెడుగుడేటే? కాలో సెయ్యో ఇరిగితే దీన్నెవుడు సేసుకుంటాడు?" అంది నాయనమ్మ పెదవి మూల నుంచి. "ఎవుడూ సేసుకోకపోతే నానే ఉంచుకుంటాను మామ్మా. నాకు పట్టుకి మనిషి కావాల. దీనికి మంచి సేతులున్నాయి" అంది సావిత్రప్ప. నల్లబడి ఊడిపోతున్న నా చేతుల్ని మంచి చేతులని అన్న మొదటి మనిషి తనే. నాయనమ్మ చుట్టని నోట్లో ఇటు నుంచి అటు మార్చుకుంది. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం అంటారు.

ఆ సాయంత్రం లంగా గోచీ పెట్టి ఇసకలో దిగాను. ఎవర్ని పట్టానో, ఎన్నిసార్లు పడ్డానో ఏమీ గుర్తులేదు. ఆట అయ్యాక జరిగింది మాత్రం నిన్నటి సంగతిలా గుర్తుంది. అందరం సావిత్రప్ప వాళ్ళ తోట నూతికి పోయాం. తను చేద వేసి తోడింది. మిగతా పిల్లలు చుట్టూ నిలబడ్డారు, ఎవరూ చెయ్యి చాచలేదు. "కొత్తదానికి తొలి దోసిలి" అంది సావిత్రప్ప. నన్ను వంగోమని, రెండు చేతులూ కలిపి పట్టమని, పై నుంచి సన్నగా పోసింది. ఎంత చల్లగా ఉన్నాయో, ఎంత తియ్యగా ఉన్నాయో. కొబ్బరితోట నీళ్ళు అలాగే ఉంటాయి. మోచేతుల మీదుగా కారి, జాకెట్టు తడిసి, ఇసక అంటుకున్న పొట్ట మీదికి జారుతుంటే నవ్వొచ్చింది. "తాగీసేవు గదా. ఇంకెక్కడికీ పోడానికి నేదు, నువ్వు మాదానివి" అంది. తరవాత అందరికీ వరసగా పోసింది. పోసినవాళ్ళు ఆఖరున తాగాలి, అది జట్టు పద్ధతి. అందరికీ అయ్యాక చేదలో మిగిలినదాన్ని ఎత్తి తాగేసి, చేదని నూతి గట్టు మీద ఠంగుమని పెట్టేది. ఆ ఠంగుమన్న చప్పుడు వినిపించాకే మేం ఇళ్ళకి కదిలేవాళ్ళం. నా మొత్తం జీవితంలో నన్ను ఒకరు ఎంచుకుని తమలో కలుపుకున్నది ఆ ఒక్కసారే. ఉద్యోగంలో చేరిన రోజు కూడా నాకు అంత గొప్పగా అనిపించలేదు.

ఇప్పుడు ఆ జ్ఞాపకాన్ని నేను సుఖంగా తలుచుకోలేను. నా కోపమంతా అదే. సావిత్రప్ప పక్క ఊరు కోడలై వెళ్ళింది, జీడితోటల్లో కూలికి పోయింది, పిల్లల్ని కన్నది. ఒక ఏడు పాదాలు వాచాయంది. మరుసటి ఏడు ముఖం వాచింది. అప్పటికి పలాసలో ఈ కిడ్నీల ఆసుపత్రి లేదు, విశాఖపట్నం పోవాలి, పోయే ఓపికా లేదు. చివర్లో చూడ్డానికి వెళ్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇసకలో అంతసేపు కూత పెట్టిన మనిషికి రెండు మాటలకి ఆయాసం. "ఒలే నీలేనీ, మన నుయ్యి నీల్లేనంటావేటే?" అని అడిగింది. నాకు జవాబు తెలీదు. ఇప్పటికీ తెలీదు. ఎంతమందో వచ్చారు, సీసాల్లో మా నీళ్ళు పట్టుకుపోయారు, మా రక్తం పట్టుకుపోయారు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, నొప్పుల మాత్రలన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు. ఇదీ అని గట్టిగా చెప్పినవాళ్ళు లేరు. దూరం నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి, మంచిదే. కానీ మా జట్టులో సగంమంది ఇప్పుడు లేరు. నా చేతుల్లో సన్నగా పడిన ఆ తొలి దోసిలి మంచినీళ్ళో కాదో తెలియకుండానే నేనూ పోతాను. తుఫానులో కొబ్బరి చెట్లు కూలాక ఆ తోట అమ్మేశారు. నూతి మీద ఇప్పుడు రేకు కప్పారు.

జోషిత నాలుగైదు వారాలు ఆడింది. బంతి వలలో నిలవడం మొదలైంది. ఇంట్లో చీపురు పట్టినా దాన్ని ఇటూ అటూ ఊపుతూ నడిచేది. అన్నం తింటూ మాట్లాడేది. ఢిల్లేసు మంచం మీద లేచి కూర్చుని ఆ ఆట రూల్సన్నీ దాని చేత చెప్పించుకునేవాడు. దమయంతి కూడా మెత్తబడింది. నేను అనుకున్నాను, ఈ ఇంటికి కాస్త గాలి తగిలిందని.

ఆ శనివారం ఎండ మహా తీక్షణంగా ఉంది. సాయంత్రమైనా నేల కాలుతోంది. ఢిల్లేసు మెట్ల మీద కూర్చుని, కుడి చెయ్యి ఊపుతూ, "ఒంగు, ఒంగి ఎత్తు!" అని అరుస్తున్నాడు. జోషిత బంతి కోసం వంగింది. వంగింది మరి లేవలేదు. కర్ర ఒక పక్కకి, అది ఒక పక్కకి పడ్డాయి. మమత పరిగెత్తింది, నేను పరిగెత్తాను. ఒళ్ళు పెనంలా ఉంది, పెదవులు తెల్లగా పిడచకట్టుకుపోయాయి. "వాటర్ తాగిందా? పొద్దుట్నించి ఎంత తాగింది?" అని మమత అడుగుతోంది. సంచిలోంచి స్టీలు సీసా తీశాను. బరువుగా ఉంది. మూత తీసి చూస్తే, పొద్దున్న దమయంతి నింపిన నీళ్ళు మెడ దాకా అలాగే ఉన్నాయి.

తండ్రి లేచి వచ్చిన ఆసుపత్రికే కూతుర్ని ఆటోలో తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు. డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది, కానీ మాట సూటి మనిషి. ఇప్పటికి ప్రమాదమేమీ లేదంది. "ఎండలో ఆడే పిల్ల ఇలా నీళ్ళు తాగకుండా ఉంటే, మీరు దేనికి భయపడుతున్నారో దాన్నే పిలుచుకున్నట్టమ్మా" అని దమయంతితో అంది. దమయంతి మంచం కోడు పట్టుకుని, "బయటి నీల్లు ఒద్దన్నాను గాని, ఇంటి నీల్లు తాగొద్దన్నేదే! ఎందుకు తాగలేదే నువ్వు? సీసా నిండా పోసిచ్చేను గదే!" అని ఏడుస్తూ అడిగింది. జోషిత పైకప్పు వైపు చూస్తూ, చాలా మామూలుగా, "నాన్న సూత్తన్నాడు గదా" అంది.

గది గుమ్మంలో ఢిల్లేసు నిలబడి ఉన్నాడు. మేం ఎవరమూ వాడి వైపు చూడలేకపోయాం. ఇన్నేళ్ళూ పెరట్లో, కుండీ చాటున మేం తాగిన నీళ్ళన్నీ ఆ గదిలో అందరి మధ్యా వచ్చి నిలబడ్డట్టయింది. వాడే అన్నాడు. "నాకు తెలీదనుకున్నారా అత్తా? ఎనక సెంబు సప్పుడు నాకినిపించదేటి? నాకోసమే గదా అని ఊరుకున్నాను. ఎవులు ఎన్ని గుటకలు ఏసేరో కూడా సెప్పగల్ను." ఆ మాట అంటూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

తరవాత వారమంతా ఆ ఇల్లు ఇల్లులా లేదు. క్లబ్బు మాటెత్తొద్దంది దమయంతి. జోషిత కర్రని తెచ్చి చూరులో, చిక్కం గెడ పక్కన దోపేసి ఊరుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మళ్ళీ మెల్లగా నడవడం మొదలుపెట్టింది. ఢిల్లేసు తనకి తోచిన ఉపాయం చెప్పాడు. "నాను గ్రౌండుకి రాను. ఆసుపత్రిలోనే ఉంటాను. నాను లేకపోతే అది తాగుతాది. పంపండి." దానికి జోషిత, "నాన్న రాకపోతే నాను ఎల్నూ" అంది. వాడు చూడాలని ఆడుతోంది అది. వాడు చూస్తే తాగదు. తాగకపోతే ఆడలేదు. ఈ చిక్కుముడి విప్పడం నా వల్ల కాలేదు. నాకు చాతనైంది ఒక్కటే. వాడి మంచం పక్కన కూర్చుని సావిత్రప్ప నూతి సంగతి చెప్పాను. తొలి దోసిలి గురించి, పోసినవాళ్ళు ఆఖరున తాగే పద్ధతి గురించి, చేద ఠంగుమన్న చప్పుడు గురించి. అప్పట్లో మాకు నీళ్ళు తాగడమంటే నలుగురి మధ్య, నలుగురూ చూస్తుండగా చేసే పని అని చెప్పాను. సావిత్రప్ప ఎలా పోయిందో వాడికి తెలుసు కనక అది చెప్పలేదు. వాడు అంతా విని, "కొత్తదానికి పోసింది కెప్టెనే గదా?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున్నే జోషితని తనే లేపాడు. చూరులోంచి కర్ర తీసి దాని చేతిలో పెట్టాడు. దమయంతి ఏదో అనబోయి, వాడి ముఖం చూసి, సీసా నింపడానికి లోపలికి పోయింది. ఆ రోజు డయాలసిస్ అయ్యాక ఎప్పటికన్నా నీరసంగా ఉన్నాడు. గ్రౌండులో మెట్ల మీద కాకుండా నీళ్ళ డబ్బా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. దమయంతి నా పక్కన మెట్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలైంది. నేను ఆట చూడలేదు, విజిల్ కోసం చూశాను.

విజిల్ ఊదగానే పిల్లలందరూ డబ్బా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మమత జగ్గు అందుకోబోతే ఢిల్లేసు, "ఇలాగియ్యమ్మా, ఈ పూట నాను పోత్తాను" అన్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువెత్తకూడదు వాడు. కుడి చేత్తో జగ్గు ముంచి లేచాడు. "జోసితా, ఇలాగ్రా" అని పిలిచాడు. అది ఆటలో పెట్టుకునే కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. దాని చూపు వాడి ముఖం మీద నిలవడం లేదు. "దోసిలి పట్టు" అన్నాడు. పట్టలేదు. "అమ్మా, నాకు దాహమేత్తంది నిజమే. ఎప్పుడూ ఏత్తాది. నువ్వు తాగకపోతే నా దాహం తగ్గుతాదేటి? నువ్వు తాగుతుంటే సూడాలనే గదా నాను ఈ సూదులు పొడిపించుకుంతన్నాను. పట్టు." జోషిత వంగి రెండు చేతులూ కలిపింది. వాడు సన్నగా పోశాడు. నీరసానికి ధార ఇటూ అటూ పోతోంది, అయినా పోశాడు. అది తాగింది. అది గుటక వేసినప్పుడల్లా వాడి గొంతు కూడా కదిలింది. జగ్గు సగం అయ్యేదాకా తాగి, ఊపిరి కోసం తలెత్తింది. "సల్లగున్నాయేటి?" అని అడిగాడు. "సల్లగున్నాయి నాన్నా" అంది.

తరవాత మిగతా పిల్లలకి పోశాడు, మమతకి పోశాడు. "నువ్వు కూడా రా అత్తా" అన్నాడు. వెళ్ళి వంగి దోసిలి పట్టాను. ఇంట్లో కొనేలాంటి కేన్ నీళ్ళే. ఏ రుచీ లేదు, కాస్త ప్లాస్టిక్ వాసన. నా చిన్నప్పటి నీళ్ళు తియ్యగా ఉండేవి, వాటి వెనక ఏముందో మాకు తెలీదు. ఈ నీళ్ళ వెనక ఏముందో కూడా నాకు తెలీదు, కానీ ఇప్పుడు తెలీదని తెలుసు. అప్పటికీ ఇప్పటికీ అంతే తేడా. వాడి ఎదురుగా, వాడు చూస్తుండగా, కడుపు నిండా తాగాను. దమయంతి మాత్రం మెట్ల మీద నుంచి లేవలేదు. పిలిచినా తల అడ్డంగా ఊపింది. ఆవిడకింకా చాతకాలేదు, ఆవిణ్ణి నేనేమీ అనలేను.

అందరికీ అయ్యాక ఢిల్లేసు కుర్చీలో కూలబడ్డాడు. పోసినవాళ్ళు ఆఖరున తాగాలి. జగ్గులో అడుగున కాసిని నీళ్ళున్నాయి. వాటివైపు చూసి, జగ్గు మమతకి ఇచ్చేసి, చొక్కా జేబులోంచి తన చిన్న సీసా తీశాడు. పొద్దుట్నించి ముట్టనట్టుంది, నిండుగా ఉంది. "దాసుకున్నాను" అన్నాడు నాతో. మూత తీసి, అందరి మధ్యా, ఒక్క గుక్క తాగాడు. నోట్లో చాలాసేపు ఉంచుకుని మింగాడు. మూత బిగించి, సీసా జేబులో పెట్టుకున్నాడు. విజిల్ మోగింది. జోషిత కర్ర అందుకుని, మూతి తుడుచుకోకుండానే గ్రౌండులోకి పరిగెత్తింది.